ఎర్రగట్టు మీద పచ్చపరుపు

మా లాండ్రీ వెనక గట్టు ఎర్రగా ఉంటుంది. మేము ఉతికేవన్నీ తెల్లవి. మా ఇంట్లో గొడవంతా ఈ రెండు ముక్కల్లోనే ఉంది.

గట్టంటే పెద్దదేం కాదు. ఇల్లు కట్టేటప్పుడు ఎవరో కొండ అంచు కోసి చదును చేశారు. కోసిన చోట రెండు నిలువుల ఎత్తున, నిచ్చెన వాల్చినట్టు ఏటవాలుగా మిగిలింది. దాని మొదట్లో సన్నటి కాలువ. కాలువకు ఇవతల దుప్పట్లు ఆరేసే తీగలు. గాలి మళ్ళితే ఎర్రదుమ్ము, వాన పడితే ఎర్రబురద. హోటలు దుప్పట్లు, ఆసుపత్రి దుప్పట్లు, అన్నీ తెలుపే. ఉతికి, జాడించి, ఆరేసిన దాని మీద మరక పడిందంటే మళ్ళీ మొదటికి.

అక్క ఉతుకుతుంది, ఆరేస్తుంది. నేను బాయిలరు చూస్తాను, మూటలు మోస్తాను. ఇస్త్రీ బావది. బావ మడతపెట్టిన దుప్పటి అంచు మీద గోరు జరిపి చూసినా ఎక్కడా తగలదు. వీధిలో ఆయన్ను మడతయ్య అంటారు. ఎదురుగానే అంటారు. ఆయనకది బిరుదు.

నిరుడు వానలకు గట్టు పెళ్ళలు పెళ్ళలుగా జారి తీగల దాకా వచ్చింది. బురద ఎత్తిపోసిన మర్నాడు బావ ఒక మేస్త్రీని వెంటబెట్టుకొచ్చాడు. మేస్త్రీ గట్టును బొటనవేలితో నొక్కాడు. వేలు సగం దిగింది.

“ఇది మట్టి కాదు మడతయ్యా, పిండి. కిందినుంచి పైదాకా సిమెంటు పోసేద్దాం. ఇక దీని మొహం చూడక్కర్లేదు.”

“పోసెయ్,” అన్నాడు బావ.

“ఏది, ఎవరు పోస్తారో చూస్తాను,” అంది అక్క. చేతిలో పిండుతున్న దుప్పటి ఉంది. దాన్ని వదల్లేదు. “ఎండాకాలం ఆ సిమెంటు పెనంలా కాలుతుంది. ఆ పెనం ముందు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడేది మీరా, నేనా?”

“నేనేం చల్లగా కూచుంటున్నానా? నా చేతిలో ఉండేది ఇస్త్రీపెట్టె.”

“మీ పెట్టెను పక్కన పెట్టేయొచ్చు. ఈ గోడను నేనెక్కడ పెట్టను?”

మేస్త్రీ నవ్వాపుకోవడానికి గట్టువైపు తిరిగాడు. మొన్న ఎండల్లో అక్క తీగల కింద కూలబడిపోతే బావే మోసుకొచ్చి పంకా కింద పడుకోబెట్టాడు. ఆ సంగతి ముగ్గురికీ గుర్తుంది. ఎవరం ఎత్తలేదు.

“సరే, ఏం చేద్దామంటావు?” అన్నాడు బావ.

“మొక్కలేస్తాను.”

“ఈ పిండి మీదా?”

“ఒక్క ఏడాది ఇవ్వండి. వచ్చే వానాకాలం మొదటి పెద్దవానకు బురద తీగల దాకా వచ్చిందా, మేస్త్రీని నేనే పిలుచుకొస్తాను. రాలేదా, గట్టు నాది. మళ్ళీ సిమెంటు మాట ఎత్తకూడదు.”

“విన్నావుగా బావమరిదీ,” అన్నాడు బావ నాతో. “తర్వాత మీ అక్కవైపు దొర్లిపోకు.”

అక్కా నేనూ మొక్కల తోటకు వెళ్ళాం. దాన్ని నడిపే పెద్దావిడ మాటల మనిషి కాదు. గట్టు సంగతంతా విని, లేచి, వెనక్కి వెళ్ళి ఒక కుండీ తెచ్చి ముందు పెట్టింది. అందులో ఉన్నది మొక్కలా లేదు. ఎవరో కాలితో అణిచినట్టు కుండీ అంచుల మీదినుంచి కిందికి వేలాడుతోంది. కొమ్మలు చేప ముల్లులా అటూ ఇటూ చీలి ఉన్నాయి. ఆకులు చిటికెనవేలి గోరంత. ముదురు పచ్చన, నూనె రాసినట్టు మెరుస్తున్నాయి.

“నిటారుగా ఎదగదా?” అంది అక్క.

“ఎదగదు. పాకుతుంది. మోకాలి ఎత్తు కూడా దాటదు.”

“ఆకు ఎప్పుడు రాలుస్తుంది?”

“రాల్చదు. ఎప్పుడు చూసినా ఇంతే.”

“పువ్వు?”

“ఉందంటే ఉంది. పువ్వుకోసమైతే గులాబీ కొనుక్కో.”

అక్కకు ఆవిడ నచ్చేసింది. ఇంతలో ఆవిడ కుండీ పక్కన నేలకు తగిలి ఉన్న ఒక కొమ్మను రెండువేళ్ళతో పట్టి పైకి లాగింది. రాలేదు. ఇంకాస్త లాగింది. కొమ్మ కిందినుంచి తెల్లటి వేళ్ళు, దారప్పోగుల్లా, మట్టితో సహా లేచాయి.

“నేలకు తగిలిన చోటల్లా వేరు దిగుతుంది. చేయాల్సిందల్లా దాన్ని కదలకుండా అదిమిపెట్టడం. గాలికి ఊగిందా, పట్టదు.”

అక్క ఆ వేళ్ళను చూసిన చూపు ఇప్పటికీ నా కళ్ళముందుంది. చెక్క పెట్టెల్లో సర్దిన మొక్కల్ని బండిలో ఎక్కించాక కూడా ఒక దాన్ని ఒళ్ళో పెట్టుకుంది. దారి పొడుగునా కొమ్మలెత్తి కింద ఏముందో చూస్తూనే ఉంది.

“దారిలోనే వేస్తుందా ఏంటక్కా వేరు?”

“నోరు మూసుకుని ముందు చూడరా. గుంతలో దింపితే మొక్కలు కదులుతాయి.”

వానలు తగ్గి నేల మెత్తగా ఉండగానే మొదలుపెట్టాం. నేను గునపంతో గట్టులో గూళ్ళు తవ్వేవాణ్ణి. ఒక్కో గూట్లో మాగిన పశువుల ఎరువు పిడికెడు. అక్క మొక్క దించి, చుట్టూ అరచేత్తో నొక్కి, చిన్న గట్టు కట్టేది, నీరు నిలవడానికి. కొమ్మల్ని అదిమిపెట్టడానికి మా దగ్గర విరిగిపోయిన తీగ హ్యాంగర్లు కుప్పలుగా ఉన్నాయి. ముక్కలుగా కత్తిరించి కొక్కేల్లా వంచాను. కొమ్మ మీదుగా గుచ్చితే చాలు, జడకు పిన్ను పెట్టినట్టు ఉండేది.

బావ టీ గ్లాసు పట్టుకుని చూడ్డానికొచ్చాడు. చూశాడు. మొహం ముడుచుకుంది.

“ఇదేం వరస? తాగినవాడు నడిచినట్టుంది.”

“మొక్కకు వరసెందుకు బావా?”

“ఎందుకంటే ఎట్లా? రోజూ కిటికీలోంచి చూడాల్సింది నేను.”

గ్లాసు కింద పెట్టి లోపలికెళ్ళాడు. నీలిమందులో ముంచిన పురికొస తెచ్చాడు. ఒక కొస నాకిచ్చి పైన పట్టుకోమన్నాడు. రెండో కొస కింద తను బిగించి, మధ్యలో వేళ్ళతో లాగి వదిలాడు. ఠప్పున గట్టు మీద పైనుంచి కిందికి నీలిగీత పడింది. పక్కన ఇంకొకటి. ఇంకొకటి. వేసిన మొక్కలన్నీ పీకించి గీతల మీద పెట్టించాడు. కొమ్మల్ని కూడా తలదువ్వినట్టు కిందికి తిన్నగా లాగి కొక్కేలు గుచ్చాడు.

“ఓడిపోవాలని ఉందా ఏంటి మీకు?” అంది అక్క.

“పందెం పందెమే. వంకర వంకరే.”

నిజం చెప్పాలంటే మా ముగ్గురికీ అది బాగుందనే అనిపించింది. మేము పుట్టి బుద్ధెరిగాక చేసిందంతా వరసలే. తీగకు తీగ, అంచుకు అంచు. గట్టు మొత్తం కూడా ఆరేసిన దుప్పట్లలా కుదురుగా కనిపిస్తే అక్క వెనక్కి నడిచి, నడుం మీద చేతులు పెట్టుకుని, “ఇప్పుడు మనిల్లులా ఉంది,” అంది.

చలికాలమంతా ఏమీ జరగలేదు. మొక్కలు చావలేదు, బతికినట్టూ లేవు. మేస్త్రీ ఆ దారిన పోతూ ప్రహరీ మీదినుంచి తొంగిచూసి, “ఏమ్మా, లేచాయా పడుకునే ఉన్నాయా?” అనేవాడు. “అవి పడుకోవడానికే పుట్టాయి, నువ్వు పో,” అనేది అక్క. అన్నదేగాని లోపల బెంగే. పొద్దున్నే మొదటి మూట విప్పకముందు గట్టు దగ్గరికెళ్ళి కూర్చునేది.

ఒకరోజు నేను బాయిలరు కింద మంట సర్దుతున్నాను. పెరట్లోంచి కేక.

“ఒరేయ్! ఒరేయ్ తమ్ముడూ!”

పాము అనుకున్నాను. కర్ర పట్టుకుని పరుగెత్తాను. బావ ఇస్త్రీపెట్టెతో సహా వచ్చాడు. అక్క గట్టు మీద మోకాళ్ళ మీదుంది. రెండువేళ్ళతో ఒక కొమ్మ చివర పట్టుకుని మెల్లగా లాగుతోంది. కొమ్మ రావడం లేదు.

“పట్టిందిరా! చూడు, రావట్లేదు! కొక్కెం తీసేశాను, అయినా రావట్లేదు!”

నేనూ లాగాను. గట్టిగా ఉంది. లోపలినుంచి ఎవరో పట్టుకున్నట్టుంది. అక్క అప్పటికే పక్క కొమ్మ దగ్గరికి పోయింది. “ఇదీ! ఇదీ పట్టింది! ఏమండీ, అక్కడ నిలబడి చూస్తారేంటి, మీరూ లాగండి!”

“కొలిమి లాంటి పెట్టె చేతిలో ఉంటే ఎట్లా లాగను?”

“కింద పెట్టండి!”

కింద పెట్టాడు. గడ్డి మాడిన వాసనొచ్చింది. బావ వంగి ఒక కొమ్మను పట్టుకున్నాడు. లాగాడు. మొహంలో ఏదో కదిలింది. గబుక్కున వదిలేసి, “ఊఁ, బాగానే ఉంది,” అని పెట్టె తీసుకుని వెళ్ళిపోయాడు. కిటికీ దగ్గర ఆ పూటంతా ఆయన ఈల వినబడింది.

చలి విరిగాక మొక్కలకు తొందరొచ్చింది. ముదురాకుల చివరల్లో లేతపచ్చ చిగుళ్ళు, ఒక్కోటి జానెడేసి సాగాయి. పొద్దున అదిమిన కొమ్మ పక్కన సాయంత్రానికి కొత్తకొమ్మ తల ఎత్తి చూస్తున్నట్టుండేది. హ్యాంగర్లు అయిపోయాయి. అక్క పక్కవీధి టైలరు దగ్గరికెళ్ళి అడుక్కొచ్చింది. బియ్యపుగింజలంత తెల్లపూలు పూశాయి. తేనెటీగలు వాటి మీద గొణుగుతూ తిరిగాయి. ఎండలు ముదిరే వేళకు గట్టు చారల చొక్కా తొడుక్కున్నట్టు తయారైంది. ఎర్రచార, పచ్చచార, ఎర్రచార, పచ్చచార. దుమ్ము సగానికి సగం తగ్గింది. దారినపోయేవాళ్ళు ఆగి చూసేవారు. బావ బయటికెళ్ళి మరీ చెప్పేవాడు.

“ఆ వరసలు నావే. నీలిమందుతో గీసి పెట్టించాను.”

“మీరు సిమెంటు మనిషి కదండీ,” అనేది అక్క తీగల వెనకనుంచి.

అట్లా ఉండగా, వానాకాలం ఇంకా రాకముందే, ఒక మధ్యాహ్నం ఉరుము లేకుండా జల్లు కొట్టింది. ఎంతోసేపు లేదు. దుప్పట్లు లోపలికి లాక్కునేలోపే ఆగింది. ముగ్గురం సంబరంగా పెరట్లోకి వెళ్ళాం, మొక్కలు ఎట్లా మెరుస్తున్నాయో చూద్దామని.

మొక్కలు మెరుస్తున్నాయి. వరసకూ వరసకూ మధ్య మాత్రం పైనుంచి కిందిదాకా, పాపిట తీసినట్టు, తిన్నటి గాడి పడి ఉంది. ప్రతి వరస పక్కనా ఒకటి. నీళ్ళు పచ్చకొమ్మల్ని పట్టుకుని, జారుడుబల్ల ఎక్కినట్టు దిగిపోయాయి. కింద కాలువ ఎర్రగా, చిక్కగా ఉంది. ఆ కాస్త జల్లుకే.

బావ మెల్లగా, “మేస్త్రీకి చెప్పి ఉంచనా?” అన్నాడు. వెక్కిరింపు కాదు. ఆ గొంతులో నీరసం ఉంది.

“ఇది పెద్దవాన కాదు,” అంది అక్క.

“పెద్దవాన కూడా వస్తుంది కదే.”

అక్క లోపలికెళ్ళి చిరిగిన దుప్పట్ల బుట్ట ముందేసుకుని కూర్చుంది. మనసు బాగాలేకపోతే ఆమె రఫ్ఫు చేస్తుంది. చిరుగు మీద ముందు నిలువుగా పోగులు వేసింది. ఒకదాని పక్కన ఒకటి, దగ్గరదగ్గరగా. తర్వాత సూది తిప్పి అడ్డంగా మొదలుపెట్టింది. ఒక పోగు పైనుంచి, ఒక పోగు కిందినుంచి. సూది ఆగింది. దుప్పటిని కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది. నిలువుపోగుల మధ్య వేలు పెట్టి చూసింది, దూరిపోయింది. అడ్డం పోగు పడ్డ చోట పెట్టింది, దూరలేదు.

లేచింది. దుప్పటి ఒళ్ళోంచి జారి కిందపడింది, సూది దానికే వేలాడుతోంది.

“మనం నిలువుపోగులే వేసి ఊరుకున్నాం!” అని అరిచింది. “అడ్డం పోగులేవి? గట్టుకు అడ్డం పోగులేవి?”

బావ ఇస్త్రీబల్ల దగ్గర నోరు తెరుచుకుని నిలబడ్డాడు. నాకు సగం అర్థమైంది. అక్క నా చెయ్యి పట్టుకుని గట్టు దగ్గరికి ఈడ్చింది. కిందికి దువ్వి ఉన్న ఒక పొడుగాటి కొమ్మ కొక్కెం లాగేసి, దాన్ని పక్కకు వంచి, గాడికి అడ్డంగా పడుకోబెట్టి, మళ్ళీ గుచ్చింది. పైనుంచి మగ్గుతో నీళ్ళు వదిలింది. నీళ్ళు పరుగెత్తుకొచ్చి, కొమ్మ దగ్గర తట్టుకుని, అటూ ఇటూ వెతుక్కుని, నేలలోకి ఇంకాయి.

“ఇంకో మగ్గు,” అన్నాడు వెనకనుంచి బావ.

ఇంకో మగ్గు పోశాం. బకెట్ పోశాం. బావ మోకాళ్ళ మీద కూర్చుని, బురద అంటుతుందని కూడా చూసుకోకుండా, చెంప నేలకు ఆనించి చూశాడు.

“వంకరగా ఉందే,” అన్నాడు బాధగా.

“ఉండనివ్వండి.”

“ఉండనిస్తాను,” అన్నాడు. అని, మరో కొక్కెం అందుకున్నాడు.

ఆ తర్వాత మా ఇంట్లో ఉన్న హడావుడి చెప్పలేను. మబ్బు ఎటునుంచి లేస్తుందో చూడ్డం, గట్టెక్కడం, మధ్యలో దుప్పట్లు. వేరు పట్టిన కొమ్మల్ని తల్లిమొక్కనుంచి తెంపి, మట్టిపెళ్ళతో సహా ఎత్తి, గాళ్ళలో నాటాం. ఒకదాని కింద ఒకటి కాకుండా, పైదానికీ పక్కదానికీ మధ్య సందులో వచ్చేట్టు. వేరు పట్టనివాటిని అడ్డంగా వంచి అదిమాం. పైనుంచి కొట్టుకొచ్చే ఆకూ అలమూ ఆ కొమ్మల వెనక చేరి, చిన్నచిన్న కట్టలు కట్టుకుంది. ఆసుపత్రి వాళ్ళు మూటలకోసం మనిషిని పంపితే బావ మొక్కలు నాటుతూనే, “రేపు రమ్మను!” అని అరిచాడు. ఆయన నోట రేపన్న మాట నేనెప్పుడూ వినలేదు.

“ఒరే బావమరిదీ, అక్కడ తిన్నగా పడింది చూడు, దాన్ని తిప్పు!”

“నువ్వేనా బావా ఈ మాటనేది?”

“తిప్పమంటే తిప్పు, వేళాకోళం తర్వాత.”

అంతా చేశాక ఒక్కటే భయం మిగిలింది. కొత్తగా నాటినవాటికి వేరు దిగడానికి టైం కావాలి. వాన ఆ టైం ఇస్తుందా?

పూర్తిగా ఇవ్వలేదు. ఒక ఉదయం గాలి స్తంభించింది. ఈగలు లోపలికొచ్చాయి. దుప్పట్లు తీసేసరికి మొదటి చినుకు పడింది, అరచెయ్యంత. తర్వాత చినుకులు లెక్కలేదు. నీళ్ళు గోడకట్టినట్టు దిగాయి. అక్క గొడుగు కూడా లేకుండా కాలువ పక్కన నిలబడింది. నేను పక్కన పార పట్టుకుని. బావ ఇస్త్రీగది గుమ్మంలో.

గట్టు మీద నీళ్ళు పాకడం కనిపించింది. పరుగు లేదు. కొమ్మ దగ్గర ఆగడం, పక్కకు తిరగడం, ఇంకో కొమ్మ దగ్గర ఆగడం. ఆకుల కిందినుంచి బొట్లుబొట్లుగా కాలువలోకి పడుతున్నాయి. అక్క వంగి దోసిట్లోకి తీసుకుంది.

“పలచగా ఉందిరా! టీ రంగే ఉంది! నిరుడు గుర్తుందా, అంబలిలా...”

మాట పూర్తికాలేదు. పైన ఎడమమూల మట్టి కదిలింది. గట్టు పైనుంచి పోయే బాట ఉంది. బళ్ళ చక్రాల గాడిలో నిలిచిన నీళ్ళన్నీ ఒక్కసారి అంచు తెంపుకుని ఆ మూలకు దూకాయి. అక్కడున్నవన్నీ నిన్నమొన్న నాటినవే. ఒక మొక్క కొక్కెంతో సహా లేచిపోయి కిందికొచ్చింది. దాని వెనక ఇంకొకటి. ఎర్రనీళ్ళు నాలుక చాపినట్టు దిగుతున్నాయి.

“అయ్యో!” అంటూ అక్క ఎక్కడం మొదలుపెట్టింది. కాలు జారింది. నేను ఆమెను ఆపనా, పైకి పరుగెత్తనా అని చూస్తుండగా, నా పక్కనుంచి బావ దూసుకుపోయాడు. చేతుల్లో దుప్పట్ల దొంతర. పొద్దున ఇస్త్రీ చేసి, అంచుకు అంచు కలిపి, హోటలు మనిషికోసం పెట్టినవి. తెల్లగా పాలమీగడలా ఉన్నాయి.

“ఏమండీ! అవి...”

“జరుగు!”

మోచేతులతో పాకి మూల దగ్గరికి చేరాడు. మొదటి దుప్పటిని మడత విప్పకుండానే తాడులా మెలిపెట్టి, దూకుతున్న నీళ్ళకు అడ్డంగా పడేసి, మీద కూర్చున్నాడు. రెండోది దాని పక్కన. మూడోది అక్కకు విసిరాడు.

“అడ్డంగా వెయ్యవే, అడ్డంగా! తిన్నగా వేస్తే చంపేస్తాను!”

అక్క ఏడుస్తోందో నవ్వుతోందో ఆ వానలో తెలియలేదు. వేసింది. నేను పక్కనుంచి పైకెక్కి, బాట అంచున పారతో గాడి కొట్టాను. బాట మీదినుంచి వీధిలోకి దిగే మెట్లవైపుకు. నీళ్ళు ఒక్క క్షణం తటపటాయించి, తల తిప్పుకుని, మెట్ల మీదుగా గలగలా దిగిపోయాయి.

మూల దగ్గర నాలుక ఆగిపోయింది. కొట్టుకొచ్చిన మట్టి కిందున్న పాతమొక్కల మీద పడి, ఆ కొమ్మల్లోనే చిక్కుకుని కూర్చుంది. కాలువ దాటలేదు. తీగల కింద నేల మీద మా ముగ్గురి కాలిగుర్తులు తప్ప ఎర్రన లేదు.

వాన కాస్త నెమ్మదించే వేళకు మేస్త్రీ గొడుగేసుకుని వచ్చాడు. మాసిన దుప్పట్ల మీద కూర్చున్న బావను చూసి, కిందికి చూసి, మళ్ళీ పైకి చూశాడు.

“పెద్దవాన పడితే పిలుస్తామన్నారు కదా మడతయ్యా. ఎప్పుడు మొదలుపెడదాం?”

“రేపే,” అన్నాడు బావ. అక్క తల గిర్రున తిరిగింది. “పైన బాట పక్కన చిన్న కాలువ కట్టు. నీళ్ళు ఇటు దూకకుండా. అంతే పని.”

“గట్టుకో?”

“గట్టుకేమైంది? నీకు కళ్ళు కనబడట్లేదా?”

మేస్త్రీ కాలువలో బొటనవేలు ముంచి చూసుకుని, గొడుగు సర్దుకుని వెళ్ళిపోయాడు.

బావ మెల్లగా కిందికి దిగాడు. ఒంటి మీద తెల్లనిదంటూ లేదు, పళ్ళు తప్ప. అక్క దుప్పట్లను చూసింది. పొద్దుటినుంచి పడ్డ పనంతా ఎర్రగా, ముద్దగా, నీళ్ళు కారుతూ గట్టుకు అతుక్కుని ఉంది.

“ఇవన్నీ మళ్ళీ ఎవరు ఉతకాలి? సాయంత్రానికి హోటలు మనిషొస్తాడు.”

“నేను ఉతుకుతాను.”

“మీరా? మీకు సబ్బు ఎక్కడుంటుందో కూడా తెలీదు.”

“నీ తమ్ముడు చూపిస్తాడు,” అన్నాడు బావ, తడిసిన చొక్కా చేతులు మడుస్తూ, రెండు చేతులకూ సమానంగా. “నువ్వు వెళ్ళి ఆ మూల లేచిపోయినవి మళ్ళీ నాటుకో. నేల తడిగా ఉండగానే పట్టాలి. నీ గట్టు నువ్వు చూసుకో.”

ఆ మాట పూర్తయ్యేలోపే అక్క సగం గట్టు ఎక్కేసింది.